పన్నెండో సొరబుర్ర

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న దాన్ని మీ చేతిలో పెడితే, ఇంతేనా అంటారు. రెండు వేళ్లతో ఎత్తొచ్చు. ప్లాస్టిక్కుతో చేసిన సొరబుర్ర అది. లోపల గాలి తప్ప ఏమీ లేదు. యాభై ఏళ్లు దాటింది. ఇంకా నా మీది నుంచి దిగలేదు.

నా పేరు రాయను. రాస్తే గుర్తుపట్టేవాళ్లు ప్రొద్దుటూరులో ఇంకా నలుగురైదుగురు మిగిలారు. పేరు దాచుకుని ఒప్పుకునేది ఏం ఒప్పుకోలు అని మీరడగొచ్చు. నన్ను నేనూ అడిగాను. నా ధైర్యం ఇంతవరకే వచ్చింది.

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. తల నెరిశాక, సాయంత్రం పూట బడి వరండాలో కూర్చుని పలక పట్టుకున్నాను. మాట కుదురుగా రాకపోతే ఓర్చుకోండి. ఇందులో అబద్ధం మాత్రం రాయను. ఆడాల్సిన అబద్ధాలన్నీ అప్పుడే ఆడేశాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు దాటిన కాలం. ప్రొద్దుటూరు బయట, పత్తి మిల్లుల అవతల ఒక రేకుల షెడ్డు ఉండేది. మా సావుకారు మద్రాసు నుంచి ఒక పాత మిషను కొని తెచ్చి అందులో పెట్టాడు. అది ప్లాస్టిక్కు డబ్బాలు ఊదే మిషను. పైనుంచి కరిగిన ప్లాస్టిక్కు గొట్టంగా దిగుతుంది, మురుకుల గొట్టంలోంచి పిండి దిగినట్టు. రెండు పలకల అచ్చు దాన్ని మధ్యలో పట్టుకుని మూసుకుంటుంది. అప్పుడు లోపలికి గాలి కొడతారు. మెత్తటి గొట్టం ఉబ్బి అచ్చు గోడలకు అంటుకుంటుంది. చల్లారాక అచ్చు తెరిస్తే డబ్బా.

సావుకారుకు మామూలు డబ్బాలంటే చిన్నచూపు. "గుండ్రంగా ఎవుడైనా చేస్తాడబ్బా, మనది చూస్తానే చేతికి తీసుకోవాలనిపించల్ల" అనేవాడు. అందుకని తలనూనెకు చిలుక సీసా చేయించాడు. సున్నం పెట్టుకోవడానికి మామిడిపిందె డబ్బీ. నెమలి కూడా చేయించాడు గానీ తోక కొసకు ప్లాస్టిక్కు చేరేది కాదు.

ఆ పనిలో తెలుసుకోవాల్సింది ఒకటే. గుండ్రటి దానికి అన్ని వైపులా ఒకేలా సాగుతుంది. వంకర ఆకారమైతే ఎక్కడ ఎక్కువ దూరం సాగాలో అక్కడ పలచబడుతుంది. చిలుక ముక్కు దగ్గర, నెమలి తోక దగ్గర. చిల్లు పడితే అక్కడే పడుతుంది.

ఆ చిల్లు పట్టుకోవడం నా పని. అచ్చులోంచి వచ్చిన దాని అంచులు కత్తితో చెక్కాలి. మూతి బిగించి నీళ్ల తొట్టిలో ముంచి అణిచిపట్టాలి. బుడగ వస్తే పక్కన పడేయాలి, మళ్లీ కరిగిస్తారు. రాకపోతే కాల్చిన మేకుతో అడుగున ఒక చుక్క పెట్టాలి. చుక్క ఉంటే ఆ వస్తువు పనికొస్తుందని నేను చెప్పినట్టు. దూది ఏకే ఇంట్లో పుట్టి, అక్షరం ముక్క రాని నాకు ఆ చుక్కే సంతకం. నా సంతకానికి విలువుందని అప్పట్లో నాకు గర్వం కూడా ఉండేది.

మిషను నడిపేది ఓబులేసు. వేముల పక్క మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని. మిషనుతో ఎనుముతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. పొద్దున అది వేడెక్కకపోతే "ఏందే, మేత సాల్లేదా?" అని దాన్ని తట్టేవాడు. నిదానం మనిషి. ఆ నిదానం చూస్తే నాకు చిరాకు.

ఒకరోజు జమ్మలమడుగు నుంచి పుల్లన్న వచ్చాడు. పెన్నకు నీళ్లు వచ్చినప్పుడు మనుషుల్ని అవతలి గడ్డకు దాటించే మనిషి. నులకమంచం కింద నాలుగు మూలలా ఎండిన సొరబుర్రలు కట్టి నీళ్లమీద వేసేవాడు. దాటేవాళ్లు మంచం మీద కూర్చుంటే ఆయన ఈదుకుంటూ తోసేవాడు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పురుడుకు పోయేవాళ్లు, అందరికీ ఆ మంచమే దారి. వరసగా వానల్లేక సొరతీగలు ఎండిపోయాయి. ఉన్న బుర్రలు పుచ్చిపోయాయి.

"ఏమప్పా, సిలకలు సేస్తాండారంట. నాకు బుర్రలు సెయ్యలేరా?" అన్నాడు.

సావుకారు డబ్బాలు చూపించాడు. పుల్లన్న తల అడ్డంగా ఊపాడు. గుండ్రటి దానికి తాడు నిలవదు, జారిపోతుంది. బుర్రకు నడుముంటుంది, తాడు నడుము దగ్గర బిగుస్తుంది. సంచిలోంచి తన పాత బుర్ర ఒకటి తీసి పెట్టాడు. ఒకవైపు బొజ్జ ఎక్కువగా ఉబ్బిన వంకర బుర్ర. సావుకారుకు కళ్లు మెరిశాయి. ఇలాంటిది మద్రాసులో కూడా లేదన్నాడు. ఆ బుర్రనే ఇసుకలో ఒత్తి అచ్చు పోయించాడు. బుర్రకున్న వంకర కూడా అచ్చుకు వచ్చింది. అచ్చులోంచి వచ్చిన ప్రతిదానికీ వచ్చింది. ఆ ఉబ్బిన బొజ్జ దగ్గర ప్లాస్టిక్కు ఎక్కువ దూరం సాగాలి. నాకు తెలుసు. ఓబులేసుకు తెలుసు.

మూలకు మూడు చొప్పున పన్నెండు కావాలి. ఒక్కోదానికి బిందెడు నీళ్లు పడతాయి, అంతకన్నా పెద్దది మా మిషను నుంచి రాదు. ఎండాకాలం మధ్యలో ఆ పని పెట్టుకున్నాం. కొత్త ప్లాస్టిక్కులో పాత తుక్కు మరీ ఎక్కువ కలపొద్దని ఓబులేసు అన్నాడు, సావుకారు కలపమన్నాడు. ఉదయం నుంచి తీస్తే మధ్యాహ్నానికి పదకొండు పనికొచ్చాయి. మూడు పనికిరాలేదు, మూలన పడేశాం. ఆ మూడింటిని గుర్తుపెట్టుకోండి. నాకు తరవాత పనికొచ్చాయి.

ఆ రోజు పులివెందులలో మా అక్క ఇంట్లో గాజులు వేసే సందడి. అక్క కూతురి పెళ్లి మరుసటి రోజు. మధ్యాహ్నం బస్సు తప్పితే ఇంకో బస్సు చీకటి పడ్డాక. పన్నెండూ అయిపోతే పొమ్మని సావుకారు చెప్పాడు. నేను తల దువ్వుకుని, చీర మార్చుకుని, సంచి పక్కన పెట్టుకుని పని చేస్తున్నాను.

పన్నెండోది వచ్చింది. ఓబులేసు దాన్ని తలుపు దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టుకున్నాడు.

"మే, ఇట్రా. ఇది బొజ్జకాడ శానా పల్సగుండాది. ఎనకాల నా యేలు కనపడతాంది సూడు."

"కనపడితే కనపడనీలేన్నా. నీ యేలేమన్నా సూడకూడందా?"

నవ్వాడు. "ఎగతాళి గాదు మే. మిషను ఇంగా కాగే ఉండాది. ఇంగొకటి తీస్తా. అరగంట. అట్ల కూచ్చో."

"నాకు బస్సుండాది."

"నీ పులివెందల యాడికీ పోదులే. నీ గాజులూ పోవు. సరే, నీళ్లలో బాగా అణిసిపట్టి సూడు. నీకే తెలుస్తాది గదా. సూసి సెప్పు."

"సూస్తాలే, నువ్వు పోయి కాళ్లు సేతులు కడుక్కో పో."

ఆయన పోయాడు. నేను ముంచాను. ఒక్క క్షణం ఏమీ రాలేదు. తరవాత వచ్చింది. సూదికి ఎక్కించిన దారంలాగా, సన్నగా, ఒకదాని వెనక ఒకటి బుడగలు. ఆ బొజ్జ వంపులోనే.

ఇక్కడ ఆగి నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆ క్షణంలో నేనేమనుకున్నాను? మనుషులు గుర్తొచ్చారా? పెన్న గుర్తొచ్చిందా? లేదు. ఓబులేసు మాటే నిజమైందని కోపం వచ్చింది. అంతే. బుడగల్ని చూసి కోపం వచ్చింది.

మేకు కాల్చి ఉంది. ఒక చిన్న తుక్కు ముక్క ఆ చిల్లు మీద పెట్టి మేకు తలతో కరిగించి రుద్దాను. వేలితో అదిమాను. వేలు కాలింది. మళ్లీ ముంచాను. బుడగ రాలేదు. ఇంకాసేపు పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. తుడిచి, అడుగున చుక్క పెట్టాను.

ఓబులేసు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఎట్లుండాది?"

"బాగుండాది. కట్టెయ్."

ఆయన ఇంకోమాట అడగలేదు. నా చుక్క ఉంది కదా. పన్నెండింటినీ కలిపి తాడుతో కట్టాడు. నేను బస్సు ఎక్కాను.

ఒక మనిషి ప్రాణం పోయింది దేనికోసమని మీరడిగితే, గాజుల కోసం. ఆకుపచ్చవి. చేతికి పన్నెండు. గాజులవ్వ నా చెయ్యి పిసికి మెత్తబరుస్తూ, వేలు ఎందుకు బొబ్బెక్కింది మే అని అడిగింది. పొయ్యికాడ కాలిందన్నాను. అదే మొదటి అబద్ధం. ఎంత సులభంగా వచ్చిందో.

పెళ్లిలో తిన్నాను, నవ్వాను. రెండోరోజు సాయంత్రం పులివెందుల మీద మబ్బు కమ్మింది. నాలుగు చినుకులు పడ్డాయి. అందరూ బయటికొచ్చి చేతులు చాపారు. నేను ఇంట్లోకి పోయాను. ఎందుకు పోతున్నానో నాకే తెలియలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాక తెలిసింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఇది మీరు బాగా అర్థం చేసుకోవాలి. ఒక్క నిమిషంలో చేసిన తప్పయితే తొందరలో చేశానని చెప్పుకోవచ్చు. నాకు నాలుగు నెలలు దొరికాయి. పెన్న ఇసుక తప్ప ఏమీ లేకుండా పడుంది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ఎంత దూరం? గంట కూడా లేదు. పోయి, ఆ ఒక్కటి మార్చండి అని చెబితే సరిపోయేది. సావుకారు అరిచేవాడు. ఓబులేసు నవ్వేవాడు. అంతకుమించి ఏమీ జరిగేది కాదు.

ఊరంతా వానకోసం చూసింది. నేనొక్కదాన్నే రావొద్దని కోరుకున్నాను. పక్కింటివాళ్ల చేను ఎండిపోతుంటే, వాళ్ల పశువులు డొక్కలు తేలి నిలబడుంటే, రావొద్దు రావొద్దు అనుకున్నాను. మబ్బు పట్టినప్పుడల్లా కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని. గాలి తిరిగి మబ్బు పోతే అన్నం సయించేది. తప్పు దాచుకున్న మనిషి ఎంత చెడిపోతుందో చూడండి.

ఒకసారి పోయాను కూడా. చిలుక సీసాలు జమ్మలమడుగు అంగడికి ఇచ్చి రమ్మని సావుకారు పంపాడు. సీసాలు ఇచ్చేసి, దారి అడుగుతూ పుల్లన్న ఇంటికి నడిచాను. చెప్పాలనే పోయాను. నిజం. దారిలో మాటలు కూర్చుకున్నాను.

పుల్లన్న లేడు. ఆయన భార్య లక్షుమ్మ వసారాలో కూర్చుని నులక పేనుతోంది. పైన దూలానికి పన్నెండు బుర్రలూ వరసగా వేలాడుతున్నాయి. మధ్యాహ్నం ఎండ వాటి మీద పడుతోంది. ఎవరూ చెప్పకుండానే నాకు పన్నెండోది ఏదో తెలిసిపోయింది. వెలుతురు దాని బొజ్జలోంచి వస్తోంది. నేను రుద్దిన చోట గోరంత మచ్చ.

నేనెవరో చెబితే లక్షుమ్మ లేచి చేతులు పట్టుకుంది.

"నువ్వేనా పాపా? మా బుర్రలన్నిటికీ బొట్టు పెట్టి పంపింది నువ్వేనా? కూతుర్లను సాగనంపినట్టు పంపినావే! కూచ్చో, మజ్జిగ తెస్తా."

తెచ్చింది. తాగాను. ఆమె మాట ఆపే మనిషి కాదు.

"ఈ తూరి నీళ్లొస్తే మాకు దిగుల్లేదు మే. పోయినేడు రెండు బుర్రలు నడేట్లో పగిలె. మా ఆయన సచ్చీచెడీ గడ్డకు తెచ్చినాడు. నేను మంచమ్మీదనే ఉంటి."

"నువ్వెందుకక్కా మంచమ్మీద?"

"ఆడోళ్లు బయపడతారు గదా. సేతులు పట్టుకోవల్ల, నాలుగు మాటలు సెప్పల్ల. నన్ను జూసి వాళ్లకు దైర్నం." గొంతు తగ్గించి నవ్వింది. "నాకు ఈతరాదు మే. యెవురికీ సెప్పాకు. ఇరవై యేండ్లు యేటి మీద ఉండా, మోకాలు తడవలా."

"అక్కా..." అన్నాను.

"ఏంది మే?"

ఆమె ముఖం నా ముఖానికి ఎదురుగా ఉంది. ముక్కుకు కుడివైపు పుడక. కుడి చేతిలో నులక పీచు. నేను దారంతా కూర్చుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. చెబితే ఆమె నన్ను చూసే చూపు మారిపోతుంది. చేతులు పట్టుకున్న మనిషి చేతులు వదిలేస్తుంది. అది ఓర్చుకోలేకపోయాను. అంత చిన్న సంగతి.

"మజ్జిగ శానా బాగుండాదక్కా" అన్నాను.

నవ్వి ఇంకో లోటా పోసింది. అది కూడా తాగాను.

వాన పడింది. ప్రొద్దుటూరులో కాదు, ఎగువన ఎక్కడో. ఒకరోజు పొద్దున పెన్న వచ్చిందని జనం చూడటానికి పరిగెత్తారు. నేను షెడ్డులో చిలుక సీసాల అంచులు చెక్కుతున్నాను. రేకుల మీద ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను మబ్బులకు భయపడ్డాను గానీ నీళ్లు మబ్బు లేకుండా కూడా వస్తాయని తలచలేదు. ఆ రోజంతా చిలుకలకు చుక్కలు పెడుతూ కూర్చున్నాను. అప్పుడు కూడా టైముంది. ఒక పూట టైముంది.

మూడోరోజు పుల్లన్న మంచం మునిగిందని తెలిసింది.

ఐదోరోజు పుల్లన్న మా షెడ్డుకు వచ్చాడు. వెంట జమ్మలమడుగు పెద్దమనుషులు ముగ్గురు. ఒక గోనెసంచి. అందులో మంచం కుంగిన మూలకు కట్టిన మూడు బుర్రలు. పుల్లన్న ఏడవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. మంచం మీద అత్తాకోడళ్లు ఇద్దరు ఉన్నారు, లక్షుమ్మ ఉంది. నడేట్లో లక్షుమ్మ కూర్చున్న మూల కుంగడం మొదలైంది. అత్త అరిచి లేచి నిలబడింది. మంచం తిరగబడింది.

"ఇద్దుర్ని పట్టుకుంటి. ఇంగో సెయ్యి లేదు నాకు. దాని కొంగు నా బుజానికి తగిలె. వాళ్లను ఇడిసిపెట్టాకు, వాళ్లను పట్టుకో అనె. అదే దాని మాట."

రెండురోజుల తరవాత శవం దిగువన దొరికిందట. ఆ ముక్క ఒక పెద్దమనిషి చెప్పాడు.

సావుకారు వాళ్లను లోపల కూర్చోబెట్టి టీ చెప్పాడు. ఓబులేసును పిలిచాడు. నన్ను నీళ్లు తెమ్మన్నాడు. గోనెసంచి తొట్టి పక్కన వదిలేశారు. అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.

సంచి విప్పాను. మొదట రెండు బాగానే ఉన్నాయి. మూడోదాన్ని ఎత్తితే లోపల నీళ్లు కదిలాయి. బొజ్జ దగ్గర నేను రుద్దిన ముక్క ఊడిపోయి, అక్కడ నోరు తెరుచుకుని ఉంది. తిప్పి చూశాను. అడుగున నా చుక్క.

అంచులు చెక్కే కత్తి నా నడుములోనే ఉంది. రెండు గాట్లు. చిన్న పెచ్చు లేచింది. చుక్క దానితో పోయింది, గాటు ఏటి రాళ్ల గీతల్లో కలిసిపోయింది. ఆ పెచ్చును నోట్లో వేసుకున్నాను. ఎందుకు మింగానో ఇప్పటికీ చెప్పలేను. ఎక్కడ పారేసినా కనపడుతుందనుకున్నానేమో. సంచి మూతి ముందున్నట్టే ముడేశాను. తరవాత నీళ్లు తీసుకుని లోపలికి పోయాను. మొదటి లోటా పుల్లన్నకే ఇచ్చాను. అదీ నాకు గుర్తుంది.

బుర్రలు తెప్పించి పరీక్షగా చూశారు. సావుకారు నన్నడిగాడు, ఇది నువ్వు చూసిందేనా అని. నేను తీసుకుని తిప్పాను.

"దీనికి నా సుక్క లేదు. ఆ పొద్దు మూడు పనికిరాలేదు, మూలన ఏసినాం. వాట్లోది ఇది. కట్టింది ఓబులేసన్న."

ఓబులేసు నా వైపు చూశాడు. "అదేంది మే? నేను సెప్తి గదా. పల్సగుండాది, ఇంగోటి తీస్తానంటి. నువ్వు సూసి బాగుండాదంటివి."

"నాతో ఏం సెప్పలా."

"సెప్తి మే. వాకిట్లో నిలబడి సెప్తి."

"నువ్వు ఏం సెప్పలేదన్నా. నాకు బస్సుందని నేను ముందే పోతి. నువ్వే కట్టినావు."

గట్టిగా చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు; అన్నిటికీ బొట్టుందని చూసుకున్న లక్షుమ్మ ఇప్పుడు లేదు. ఓబులేసు బుర్రను చేతిలోకి తీసుకుని అడుగు చూశాడు. చుక్క కోసం వేలితో తడిమాడు. ఆయన ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. ఆ రోజు నాకది అర్థం కాలేదు, బతికిపోయాననుకున్నాను. తరవాత అర్థమైంది. ఆయన తన మీద తాను అనుమానపడ్డాడు. నా చుక్క లేకుండా నేను సరుకు పంపనని నాకంటే ఎక్కువ నమ్మింది ఆయనే. అలాంటప్పుడు చుక్క లేని బుర్ర కట్టలోకి ఎలా వస్తుంది? మూలన పడేసినవాటిలోంచి తనే పొరపాటున తీసి కట్టుండాలి. చెప్పానని, విన్నానని తను అనుకుంటున్నదంతా ఇంకో బుర్ర గురించేమో.

సావుకారు ఆయన్ని ఆ రోజే పంపించేశాడు. తుక్కు ఎక్కువ కలపమన్న మాట సావుకారు నోట రాలేదు, ఓబులేసు ఎత్తలేదు. ప్రొద్దుటూరులో ఎవరూ పని ఇవ్వలేదు. టీ అంగట్లో లక్షుమ్మను ముంచినోడు అని వేలు చూపించేవాళ్లు. ఆయన పెళ్లాన్ని తీసుకుని వేములకు పోయాడు. ముగ్గురాయి గనిలో రాళ్లు మోశాడని విన్నాను. మిషను మీద చెయ్యి వేసి పలకరించే మనిషి.

నేను ఆ షెడ్డులో ఇంకో ఆరేళ్లు చుక్కలు పెట్టాను.

ఇంతవరకు చెప్పింది ఘోరమే. అయినా నన్ను నిజంగా తిన్నది ఇది కాదు. అసలుది ఇప్పుడు రాస్తాను. ఇక్కడికి వచ్చేసరికి మూడుసార్లు కాగితం చించాను.

చాలా ఏళ్ల తరవాత పులివెందులలో, అక్క ఇంటికి పోతూ బస్సు దిగాను. ఎవరో మే అని పిలిచారు. తిరిగితే ఓబులేసు. మనిషి సగమయ్యాడు. కనుబొమల్లో తెల్లటి ముగ్గుపొడి. పారిపోవాలనిపించింది. ఈయనకు అంతా తెలిసిపోయింది, నలుగురిలో అడుగుతాడు అనుకున్నాను. ఒక్క నిమిషం, అడిగితే బాగుండు అని కూడా అనుకున్నాను.

ఆయన తువ్వాలు భుజం మీది నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బాగుండావా మే? నిన్ను ఒకమాట అడగల్లని ఎన్నాళ్లనుంచో అనుకుంటాండా. ఆ పొద్దు అందురి ముందర నీ మీదికి తోసేదానికి సూస్తి. నేను సెప్తి, నువ్వు వింటివి అని. నాకే తెలీకుండా కట్టినట్టుండా. ఎంత ఆలోచించినా నాకిప్పుడు గెవనం లేదు. సెప్పినట్టే ఉంటాది. మళ్లా సుక్క లేదు గదా అనుకుంటా. ఆడకూతురివి, నీ మీద పెట్టబోతి. మనసులో పెట్టుకోవాకు."

బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. నేను ఏమన్నానో చెబుతాను.

"పోనీలేన్నా. నేనెప్పుడో మర్సిపోతి" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. రెండు చేతులెత్తి దండం పెట్టాడు. నాకు. చేలో కలుపుగా మొలిచే అటికమామిడాకులాగా ఎండిపోయిన ఆ చేతులు పైకెత్తి నాకు దండం పెట్టాడు. నేను తల ఊపాను.

అర్థమైందా మీకు? నేను ఆయన్ని క్షమించాను. లక్షుమ్మను ముంచాను, ఆయన పని పోగొట్టాను, పేరు పోగొట్టాను, చివరికి ఆయనకు గుర్తున్న నిజాన్ని కూడా ఆయన దగ్గర లేకుండా చేసి, దాని కోసం ఆయన చేత దండం పెట్టించుకుని, పోనీలే అన్నాను. దొంగలు కూడా దోచుకున్న ఇంటివాడి చేత క్షమాపణ చెప్పించుకోరు కదా. ఆ పోనీలే అన్న మాటలో దయ ఉన్నట్టు, పెద్ద మనసున్నట్టు వినపడింది. నాకే వినపడింది. అక్క ఇంటిదాకా నడుస్తూ నేను మంచిదాన్నేమో అనుకున్న క్షణం ఒకటుంది. 

ఓబులేసు పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వేములకు పోయి ఆయన భార్య నారమ్మను చూశాను. వాకిట్లో ఒక బస్తా వేరుశనక్కాయ కట్టి ఉంది. అమ్మడానికా అన్నాను.

"కాదు మే. జమ్మలమడుక్కు. పుల్లన్నోళ్ల ఇంటికి. పంట ఇంటికొచ్చినప్పుడల్లా మొదటి బస్తా ఆయనే ఎత్తుకోని పోతాండె. పంట లేనేడు కొని పంపె. పుల్లన్న పోయినాక ఆయన తమ్ముని పిల్లోళ్లు తీసుకుంటాండారు. మా ఆయన సేసిన పాపం గదా, నేనుండే దాకా పంపల్ల."

ఆమె నాకు కూడా దోసెడు కాయలు పెట్టింది. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చెప్పడానికి అది మూడో సందు. మూడోసారీ చెప్పలేదు. ఒలిచి తిన్నాను.

అప్పటికి నేను పలక పట్టుకుని రెండేళ్లు. ఇంటికొచ్చి రాయాలని కూర్చున్నాను. ఓ అని రాశాను. అక్కడే ఆగిపోయాను. ఆ తరవాత ఇన్నేళ్లు పట్టింది.

రాస్తే ఏమవుతుంది? లక్షుమ్మ రాదు. ఓబులేసుకు వినపడదు. దేవుడు క్షమిస్తాడని కొందరంటారు. క్షమించడం ఎంత సులభమో నాకు తెలుసు, నేను చేశాను కదా. అందుకే నాకు ఆ మాట ఎవరి దగ్గరి నుంచీ వద్దు. మీ దగ్గరి నుంచీ వద్దు. చదివి నన్ను తిట్టుకుంటే అది నాకు న్యాయమే.

నారమ్మ ఇంకా ఉంది. చూపు తగ్గింది, ఆమెకు చదువు రాదు. ఇది ఆమెకు వినిపించాలంటే నేనే పోయి చదవాలి. ఈ ఏడు వేరుశనక్కాయ చెట్టు పీకే రోజులు దగ్గరపడ్డాయి. బస్తా కట్టకముందే పోవాలి. పోతానా? పోతానని రాస్తే ఇందులో అబద్ధం ఉండదన్న మాట పోతుందేమోనని భయం. కాబట్టి పోవాలి అని మాత్రమే రాస్తున్నాను.

జరిగింది ఇది. ఓబులేసు ఆ మధ్యాహ్నం బుర్రను వెలుతురుకు పట్టుకుని నన్ను పిలిచాడు. పలచగా ఉందన్నాడు. ఇంకోటి తీస్తానన్నాడు. నేను విన్నాను. బాగుందని చెప్పి కట్టించింది నేను. ఆయన ఏ పొరపాటూ చేయలేదు. ఆయనకు అంతా సరిగ్గానే గుర్తుంది.